మంట సూర్యుడిదా, కంటిదా

మా పెద్దనాన్న బాలచంద్రకు ఉన్నది ఒకే కన్ను. ఆ ఒక్క కన్నుతోనే కోలారు జిల్లా చింతామణి బజారువీధిలో ఇరవై ఏళ్ళు ఫోటోలు తీశాడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి ఎడమ కంట్లో పువ్వు పడింది, ముఖమంతా గుంటలు మిగిలాయి. అటువంటి మనిషి పెద్దవాడై, ఊరందరి ముఖాలమీది గుంటలనూ నెగెటివు మీద పెన్సిలుతో పూడ్చి నున్నగా చేసే పనిలోకి దిగాడు. మా కోమటిళ్ళలో మిగతావాళ్ళంతా కిరాణా కొట్లూ బట్టల కొట్లూ చూసుకుంటుంటే, ఈయన గాజు ప్లేట్లూ మందునీళ్ళూ ముందేసుకొని కూర్చున్నాడు. సంబంధం మాట్లాడే ముందు పిల్ల ఫోటో పంపాలంటే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆ ఫోటోలు చూసి ఒప్పుకున్న పెళ్ళికొడుకులు తర్వాత పిల్లను చూసి ఏమనుకున్నారో నాకు తెలియదు.

పెద్దమ్మ కన్యకమ్మ మా అమ్మకు అక్క. ఇప్పుడు రాస్తున్నదంతా ఆమె నోట విన్నదే. యాభై ఎనిమిదిలో ఇది జరిగినప్పుడు నేను చిక్కబళ్ళాపురంలో కొత్త కాపురంలో ఉన్నాను. చెప్పేటప్పుడు ఆమె మధ్యమధ్యలో మొగుణ్ణి తిట్టేది, కళ్ళు తుడుచుకునేది, మళ్ళీ తిట్టేది. తిట్లు తగ్గించి రాస్తున్నాను.

తిట్టడానికి కారణం లేకపోలేదు. నలభై ఎనిమిదిలో కోలారు గనుల దగ్గర ఒక దొర ఇల్లు ఖాళీ చేసి సీమకు పోతూ సామాను వేలం వేశాడు. అక్కడికి ఫోటోలు తీయడానికి వెళ్ళిన పెద్దనాన్న, ఆడవాళ్ళు చెప్పిన ఇత్తడి బిందె తీసుకురాకుండా మూరెడు పొడవు పెట్టెలు రెండు బస్సుమీద వేయించుకొని దిగాడు. ఒకదాంట్లో దూరదర్శిని. రెండోదాంట్లో దాని వెనక బిగించే ఇత్తడి సాధనం, లోపల పట్టకాలు. ఎండను ఆ పట్టకాల గుండా పంపితే రంగులుగా విడిపోతుంది. ఆ ఎరుపులో ఒకచోట సన్నని నల్ల గీటు ఉంటుంది. సరిగ్గా దానిమీద సాధనాన్ని నిలిపి, ముందున్న సందును వెంట్రుకవాసి తెరిచి, ఆ సందును సూర్యుడి అంచుకు ఆనించితే, అంచుమీద లేచే మంటలు కనబడతాయి. గ్రహణం అక్కర్లేదు. ఇదంతా పెట్టెలో ఉన్న దొర నోటుబుక్కు చూసి రెండేళ్ళు తంటాలుపడి ఆయనే నేర్చుకున్నాడు. పేరేమో బాలచంద్ర, పిచ్చేమో సూర్యుడిమీద. పొద్దున స్టూడియో తెరిచే ముందు గంటసేపు మిద్దెమీద ఉండేవాడు. చూసిన మంటను చూసినట్టు కాగితంమీద గీసి తేదీ వేసేవాడు.

గొట్టాన్ని సూర్యుడివైపు తిప్పుకోవడానికి దాని పక్కనే ఇంకో చిన్న గొట్టం ఉండేది. దాంట్లోంచి నేరుగా చూస్తే కన్ను కాలిపోతుంది. దొర పెట్టిన నల్లద్దం ఎప్పుడో పోయింది. ఫోటోలవాడి ఇంట్లో నలుపుకేం కొదవ? ఎండ తగిలి పూర్తిగా నల్లబడ్డ పాత ప్లేటు ముక్క ఒకటి కత్తిరించి దానికి అతికించాడు. తొమ్మిదేళ్ళు అది బాగానే పనిచేసింది. యాభై ఏడు కార్తీకంలో ఒకరోజు పొద్దున ఆయన దాంట్లో కన్ను పెట్టి ఉండగా వేడికి టప్పుమని పగిలింది. కన్ను వెనక్కు తీసుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఒక రెప్పపాటు. నొప్పి లేదు, నీళ్ళు రాలేదు. రెండు రోజులు ఎటు చూసినా పచ్చని చుక్క ఒకటి తేలింది. మూడోరోజుకు అది మాసిపోయింది.

ఇంట్లో చెప్పలేదు. ఆ చిన్న గొట్టాన్ని విప్పి అటకమీద పడేశాడు. నీడ చూసి గొట్టం తిప్పుకోవడం అలవాటు చేసుకున్నాడు. పగిలిందాని సంగతి అంతటితో పోయిందనుకున్నాడు. అనుకోవాలనుకున్నాడు అనడం నిజం.

సంక్రాంతి దాటాక పాతపాళ్యం నుంచి వెంకటరాయప్ప అనే రైతు వచ్చాడు. వేరుశనగ బాగా పండిన ఏడాది, కొత్త తలపాగా చుట్టుకొని ఫోటో తీయించుకొని పోయిన మనిషి. ఫోటో గల్లామీద పెట్టి, కోపంగా కాదు, అయోమయంగా అడిగాడు.

"నా మీసం ఒగ పక్క యాడికి పోయినాదప్పా?"

పెద్దనాన్న ఫోటో చూశాడు. పెదవిపైన గుంటలు పూడ్చబోయి సగం మీసం పూడ్చేశాడు. పెన్సిలు మొద్దుబారిందని చెప్పి, ఇంకో ప్రింటు వేసిస్తానని పంపించాడు. ఆ వారంలోనే మంచేనహళ్ళి పిల్ల ఫోటోలో ముక్కు కొనమీద తెల్లచుక్క మిగిలింది. పెన్సిలు మార్చాడు. బల్ల కిటికీ దగ్గరికి జరిపాడు. బల్బు మార్చాడు. మార్చగలిగినవన్నీ మార్చాడు. మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులు. ఒంటికన్ను ఫోటోలవాడికి ఆ కన్ను కూడా పోతోందట అని బజారులో ఒక్క మాట పుడితే చాలు, స్టూడియో ముందు మనిషి నిలబడడు. అందుకే కంటి డాక్టరు దగ్గరికి పోలేదు. పోతే డాక్టరు ఏమంటాడో అన్న భయం అంతకన్నా పెద్దది. ఆ భయంతో అన్నం సరిగా తినేవాడు కాదని, అడిగితే విసుక్కునేవాడని పెద్దమ్మ చెప్పేది. కడుపులో పుండేమోనని ఆమె మజ్జిగలు పోసింది పాపం.

మిద్దెమీద ఇంకో భయం మొదలైంది. ఆ ఏడాది సూర్యుడు మహా జోరుమీద ఉన్నాడు. మచ్చలు, మంటలు, పేపర్లలో కూడా రాశారు. ఫిబ్రవరి చివర్లో తూర్పు అంచున పెద్ద మంట లేచింది. కానీ అది ఒకచోట నిలవడంలేదు. ఆయన దానిమీద చూపు నిలిపితే మాయమయ్యేది. వెంటనే పక్కన కనబడేది. పక్కన చూడబోతే మళ్ళీ మొదటి చోట. సూర్యుడిమీది మంట గంటకో రెండు గంటలకో ఆకారం మారుతుందని దొర నోటుబుక్కులో ఉంది. రెప్పపాటులో అటూ ఇటూ గెంతుతుందని ఎక్కడా లేదు. కన్ను కదిలితే కదిలే మంట సూర్యుడిమీద ఉంటుందా, కంట్లో ఉంటుందా? ఆ పొద్దున ఆయన బొమ్మ గీయకుండానే మిద్దె దిగాడు.

ఇంకొకరు చూసి చెబితే తేలిపోతుంది కదా. పెద్దమ్మను అడగడానికి ధైర్యం చాలలేదు, ఎందుకని ఆమె అడుగుతుంది. హైస్కూలు మేష్ట్రు నరసింహయ్యను పిలిచాడు. ఆయన ఇల్లు పక్కవీధిలోనే, ఇద్దరూ ఒకే బడిలో చదివారు. మేష్ట్రు స్టూలుమీద కూర్చోగానే మోచెయ్యి గొట్టానికి ఆనించాడు.

"ఏమి కనబడతాంది నరసింహయ్యా?"

"ఎర్రగా ఉండాది."

"ఎరుపు సరే. అంచున మంట?"

"ఏమో, నాకేమీ కనబడల్యా. బరీ ఎరుపే, ఇంకేమీ ల్యాదు."

సూర్యుడు అప్పటికే సందు దాటి జరిగిపోయాడని పెద్దనాన్నకు తెలుసు. చేత్తో చిన్నచిన్నగా తిప్పుతూ పోతేగాని నిలవడు. అయినా, కనబడలేదు అన్న మాట చెవిలో పడ్డాక మనసు ఊరుకుంటుందా? మర్నాడు కొత్త ప్రింటు కోసం వెంకటరాయప్ప వస్తే ఆయన్ను కూడా మిద్దె ఎక్కించాడు. ఆయన తలపాగా తీసి, చెప్పులు విడిచి, కన్ను పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"కనబడతాందా అప్పా?"

"ఏమిటికి కనబడదు! రథం కనబడతాంది. ఏడు గుర్రాలూ కనబడతాండాయి. మీ పుణ్యం సామీ."

ఒకడికి ఏమీ కనబడలేదు, ఇంకొకడికి గుర్రాలు కూడా కనబడ్డాయి. వాళ్ళిద్దరి సాక్ష్యంతో ఈయనకు ఒరిగిందేమీ లేదు. ఆ రాత్రే నిర్ణయించుకున్నాడు, ఫోటో తీయాలని. ప్లేటుకు భయం లేదు, మొహమాటం లేదు. మంట ప్లేటుమీద పడితే సూర్యుడిది. పడకపోతే కంటిది.

అప్పటిదాకా ఎందుకు తీయలేదంటే, స్టూడియోలో వాడే ప్లేట్లు ఎరుపు వెలుగును గుర్తించవు. అందుకే ఏ ఫోటోలవాడైనా ఎర్రదీపం పెట్టుకొని హాయిగా వాటిని కడుగుతాడు. ఈ మంటలేమో ఎరుపులో తప్ప కనబడవు. ఎరుపు కూడా పట్టే ప్లేట్లు వేరే ఉన్నాయి, వాటిని కటిక చీకట్లో కడగాలి. బెంగళూరు అంగడికి రాస్తే, పైదేశాల సరుకు రావడం తగ్గిపోయింది, ఉన్నవి ఇవే, మళ్ళీ ఎప్పుడొస్తాయో చెప్పలేం అంటూ బస్సులో నాలుగు ప్లేట్లు పంపారు. మంట తూర్పు అంచున కనబడి అప్పటికి నాలుగు రోజులు. సూర్యుడు తిరిగేకొద్దీ అది ఇంకో రెండు మూడు రోజుల్లో అంచునుంచి లోపలికి జరిగి కనబడకుండా పోతుంది. నాలుగు ప్లేట్లు, మూడు రోజులు.

ఇక్కడ వాళ్ళ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. ఆ ఇంట్లో కిటికీ లేని గది దేవుని గది ఒక్కటే. స్టూడియో పెట్టినప్పుడు పెద్దనాన్న ప్లేట్లు కడగడానికి దాన్నే అడిగాడు. వాళ్ళమ్మ రెండు నెలలు ఒప్పుకోలేదు. చివరికి దేవుళ్ళను నడిమింట్లోకి మార్చి, ఒక షరతు పెట్టింది. తరతరాలుగా ఆ గదిలో సందెదీపం వెలిగింది, ఒక్క పొద్దు కూడా ఆ గది చీకటిగా ఉండకూడదు. గదికీ వంటింటికీ మధ్య గోడలో అటూ ఇటూ తెరుచుకున్న గూడు ఉండేది. పెద్దనాన్న గదివైపు దానికి ఎర్రగాజు బిగించాడు. వంటింటి వైపునుంచి ప్రమిద పెడితే గదిలో ఎర్రని వెలుగు పడుతుంది. వాళ్ళమ్మ షరతుకూ సరిపోయింది, ప్లేట్లకూ సరిపోయింది. అత్తగారు పోయాక పెద్దమ్మ ఆ దీపాన్ని ఒక్క సందె కూడా తప్పనివ్వలేదు. ఇరవై ఏళ్ళుగా వెలిగే దీపం గోడలో భాగమైపోయింది. పెద్దనాన్న దాన్ని చూడటం ఎప్పుడో మానేశాడు.

బుధవారం పొద్దున రెండు ప్లేట్లు తీశాడు. సాయంత్రం గిరాకీలు వెళ్ళిపోయాక గదిలోకి పోయి తలుపు మూశాడు. తన పని దగ్గరి ఎర్ర బల్బు ఆర్పేశాడు. పెట్టె తెరిచి, తడుముకుంటూ ప్లేటు తీసి మందులో వేసి, తొట్టిని ఊపుతూ లెక్కపెట్టసాగాడు. మా వాళ్ళందరికీ చదువు కన్నడంలోనే కాబట్టి లెక్క కన్నడంలోనే వస్తుంది. ఒందు, ఎరడు, మూరు. నూరు దాటాక చీకట్లో ఎర్రని మసక ఒకటి లేచింది.

పెద్దనాన్న అది కంట్లోదే అనుకున్నాడు. కటిక చీకట్లో వెలుగు కనబడితే ఇంకేమిటి? నాలుగు నెలలుగా దాచుకున్న భయం ఎదురుగా వచ్చి నిలబడినట్టయింది. కన్ను గట్టిగా మూసుకున్నాడు. మూసుకొనే లెక్క పూర్తిచేశాడు, మూసుకొనే రెండో ప్లేటు కూడా కడిగాడు. తెచ్చి వెలుగులో చూస్తే రెండూ అట్లపెనంలా నల్లగా ఉన్నాయి. మంటా లేదు, సూర్యుడూ లేడు. ఆ రాత్రి ఆయన నడిమింట్లో గోడకు ఆనుకొని కూర్చొని నిద్రపోలేదు. పెద్దమ్మ లేచి నీళ్ళిస్తే తాగాడు. ఏమైంది అంటే ఏమీ లేదన్నాడు.

గురువారం ఒక ప్లేటు తీశాడు. సాయంత్రం మళ్ళీ అదే గది, అదే చీకటి. ఈసారి లెక్క ఎనభైలో ఉండగా గోడవతల గాజుల చప్పుడైంది. వెంటనే ఎర్రని మసక లేచింది. తడిచెయ్యి ఎత్తి కంటికి అడ్డం పెట్టుకున్నాడు. మసక పోయింది. చెయ్యి తీశాడు, వచ్చింది. మళ్ళీ పెట్టాడు, పోయింది. కంట్లోదైతే చెయ్యి అడ్డం పెట్టినా ఉండాలి కదా! వెనక్కు తిరిగాడు. గూట్లో ఎర్రగాజు వెనక ప్రమిద నింపాదిగా వెలుగుతోంది.

తన దీపం ఆర్పేశాడు గాని ఆమె దీపం లెక్కలోకే రాలేదు. ప్లేటు పాడైపోయిందని తెలిసీ పెద్దనాన్న పగలబడి నవ్వాడు. వంటింట్లో ఉన్న పెద్దమ్మ, ఈయనకు నవ్వు వచ్చి ఎన్నాళ్ళయిందో అనుకొని తనూ నవ్విందట, ఎందుకో తెలియకుండానే. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. చీకట్లో కనబడ్డది కంట్లోది కానప్పుడు, మిద్దెమీద కనబడ్డది కూడా కంట్లోది కాదేమో. ఆశ పుట్టడానికి అంత చాలు.

శుక్రవారం పొద్దున మబ్బు తునక ఒకటి చాలాసేపు ఏడిపించింది. తొమ్మిది దాటాక తెరిపి ఇచ్చింది. మంట అప్పటికే సగం కుంగింది. సందులో దాన్ని నిలిపి, ఊపిరి బిగబట్టి, చేత్తో మెల్లగా తిప్పుతూ నాలుగో ప్లేటు తీశాడు. చివరిది. దిగి వచ్చేటప్పుడు మెట్లమీద దాన్ని రెండు చేతులతో పొట్టకు అదుముకొని దిగాడు.

సాయంత్రం దీపం సంగతి పెద్దమ్మతో చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. శుక్రవారం దీపం ఆలస్యంగా పెట్టమంటే ఎందుకంటుంది, ఎందుకో చెప్పాలంటే ప్లేటు సంగతి, ప్లేటు సంగతంటే కంటి సంగతి. అంతా తేలిపోయాక నవ్వుతూ చెప్పవచ్చులే అనుకున్నాడు. దీపం కొండెక్కేదాకా ఆగుదామంటే మనసు నిలవలేదు. కెమెరాకు కప్పే నల్లగుడ్డ తెచ్చి, గదివైపు గూటికి మేకులు కొట్టి వేలాడదీశాడు. సొంత ఇంట్లో దొంగతనం చేస్తున్నట్టుందని తర్వాత ఒప్పుకున్నాడు. దేవుని గది తలుపుకు బయట గొళ్ళెమే గాని లోపల గడియ ఉండదు. ఇన్నేళ్ళూ దాని అవసరం రాలేదు.

ప్లేటు మందులో పడింది. ఒందు, ఎరడు. వంటింట్లో గాజులు గలగలమన్నాయి. గుడ్డ అంచున దారమంత ఎర్రని గీటు వెలిగింది. పెద్దనాన్న తొట్టికి అడ్డంగా జరిగి, వీపుతో ఆ గీటును కాచుకుంటూ ఊపుతున్నాడు. అవతల చప్పుడు ఆగిపోయింది.

"ఏమండీ, గూటికి ఏమి కప్పినారు?"

ఆయన లెక్క ఆపలేదు, నూటికి దగ్గరపడ్డాడు. తొంబత్తేళు, తొంబత్తెంటు.

"లోపల ఉండారా ల్యాదా?"

"ఉండాను. తలుపు ముట్టుకోవద్దు."

"శుక్రవారం పూట దీపానికి గుడ్డ అడ్డం కట్టేది యాడన్నా ఉండాదా? అత్తమ్మ పోయి ఏడేండ్లు. జొరం వచ్చినా లేసి పెట్టినాను నేను. తీసేయండి దాన్ని."

"ఇప్పుడు కాదు. ఇంకా మూడు నిమిషాలు."

"మీరు తీయకపోతే నేనే వచ్చి తీస్తాను."

వంటింట్లోంచి అడుగులు నడిమింట్లోకి వచ్చాయి. ఆయన తొట్టి వదిలిపెట్టి తలుపుకు అడ్డం పోలేడు, ఊపడం ఆపితే మరకలు పడతాయి. తలుపు వేలెడంత తెరుచుకున్నా నడిమింటి బల్బు వెలుగు లోపలికి కొడుతుంది. గొళ్ళెం కదిలింది.

"కన్యకా, నాకు కన్ను పోతాండాది."

గొళ్ళెం ఆగింది.

"ఏ కన్ను?" అంది పెద్దమ్మ. ఉన్నది ఒకటేనని తెలిసీ అడిగింది. ఆ మాట ఎందుకలా వచ్చిందో ముసలితనంలో కూడా ఆమెకు అర్థం కాలేదు.

చీకట్లో తొట్టి ఊపుతూనే పెద్దనాన్న అంతా చెప్పాడు. కార్తీకంలో పగిలిన గాజు, వెంకటరాయప్ప మీసం, గెంతే మంట, నల్లబడ్డ మూడు ప్లేట్లు, ఇది చివరిది. "దీంట్లో మంట పడినాదంటే నా కంటికి ఏమీ లేనట్టే. వెలుగు తగిలితే ఇదీ పోతాది. అందుకే కప్పినాను. తప్పయితే తప్పే."

తలుపవతలి అడుగులు వంటింట్లోకి పోయాయి. గుడ్డ అంచున ఉన్న ఎర్రని దారం ఆరిపోయింది. ఆమె దీపాన్ని తీసుకుపోయి పెరట్లో తులసి దగ్గర పెట్టి, చీర కొంగును తలుపు కింది సందులో కుక్కి అక్కడే కూర్చుంది. పొద్దు తప్పని దీపం ఆ సందె తప్పింది.

"ఇంకెంతసేపు?" అంది.

అప్పుడు తెలిసింది ఆయనకు, మాటల్లో లెక్క తప్పిపోయిందని. ఎంతసేపయిందో తెలియదు. ఎక్కువైతే ప్లేటు నల్లబడుతుంది, తక్కువైతే ఏమీ రాదు. "నువ్వు లెక్కపెట్టు, అరవై" అన్నాడు. ఆమె బయటినుంచి లెక్కపెట్టింది. అరవై కాగానే ప్లేటు తీసి నీళ్ళలో ముంచి, బొమ్మను చెరగకుండా నిలిపే హైపో మందులో వేశాడు. హైపోలో పడ్డాక ఇంకో పది నిమిషాలు. ఆ పది నిమిషాలూ పెద్దమ్మ తలుపు దగ్గరినుంచి లేవలేదు.

తలుపు తెరిచాడు. నీళ్ళు కారుతున్న ప్లేటును నడిమింటి బల్బుకు ఎదురుగా పట్టాడు. నల్లబడలేదు. మధ్యలో సూర్యుడి అంచు సన్నని వంపుగా పడింది. నెగెటివు కదా, వెలుగంతా నలుపు. ఆ వంపుమీద, పైకి లేచి కొన వంగి, గడ్డిపోచంత నల్లని మంట.

"పడినాది!" అని అరిచాడు. "చూడు కన్యకా, ఇదో మంట. నా కంట్లోది కాదే, సూర్యుడిదే!" ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. ఆ ఊపులో ప్లేటు కిందపడుతుందని పెద్దమ్మ తన చేతుల్లోకి తీసుకుంది. భూతద్దం తెచ్చుకొని తను కూడా చూసింది. సంతోషంగానే చూసింది. దేవుడి దయవల్ల గండం గడిచిందనుకుంది.

"బాగుండాయి" అంది. "రెండూ ఒగదాని పక్కన ఒగటి, జంటగా."

"రెండు యాడుండాయి?"

"ఇదో, ఇదొగటి. దీని పక్కన, రవ్వంత సందు ఇడిసి, ఇదొగటి. ఇది కొంచెం పొట్టిది."

పెద్దనాన్న ప్లేటు తీసుకున్నాడు. భూతద్దం పెట్టాడు. ఒకటే కనబడింది. ఆమె పొట్టిది చూపించిన చోట చూశాడు. అక్కడ ఏమీ లేదు. పక్కన పొడుగుది ఉంది. పొడుగుదానిమీద చూపు పెట్టాడు. అది పోయింది. పక్కన పొట్టిది వచ్చి నిలబడింది. మళ్ళీ దాన్ని చూడబోయాడు. అది పోయింది. ప్లేటు కదలలేదు, ఆమె చేతి వేలు కదలలేదు, గాజుమీద పడ్డ మంట కదిలే అవకాశమే లేదు. ఇన్ని రోజులుగా మిద్దెమీద గెంతిన మంట అసలు గెంతనేలేదు. రెండూ వాటి చోట అవి ఉన్నాయి. ఈయన చూపు నిలిపిన చోట మాత్రమే ఏమీ లేదు.

మంట సూర్యుడిదే. కంట్లో చిల్లు కూడా నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావచ్చని ఆయనకు ఒక్కసారి కూడా తోచలేదు.

"ఏమయినాది?" అంది పెద్దమ్మ.

ఆయన ప్లేటును జాగ్రత్తగా అరుగుబల్లమీద ఆరబెట్టాడు. అంచులు తుడిచాడు. చేతులు పంచెకు తుడుచుకున్నాడు. మళ్ళీ ప్లేటు అంచులు తుడిచాడు. పెద్దమ్మకు అంతా అర్థం కాలేదు గాని, అర్థం కావలసినంత అయింది. ఆయన ఎదురుగా వచ్చి, బల్బు వెలుగు తన ముఖంమీద పడేటట్టు నిలబడింది.

"నా మొగం కనబడతాందా మీకు?"

పెద్దనాన్న ఆమెను సూటిగా చూశాడు. తర్వాత చూపు కొంచెం పక్కకు జరిపి, ఆమె చెవి కమ్మమీద నిలిపాడు.

"కనబడతాంది" అన్నాడు.